చూడనివ్వకుండా చూపు ఎలా నేర్పుతారు? కళాచరిత్ర విభాగాలకు ఒక బహిరంగ లేఖ

కళాచరిత్ర, వాస్తుశిల్ప చరిత్ర విభాగాలు నడిపే ఆచార్యులకు, అడ్మిషన్ కమిటీల సభ్యులకు, మ్యూజియంలలో ఫొటోల అనుమతులు చూసే అధికారులకు,

నమస్కారం.

నేను ఈ సబ్జెక్టులో ఎమ్మే పూర్తిచేసి, పీహెచ్‌డీ సగంలో ఉన్న విద్యార్థినిని. ఈ లేఖలో ఉన్న విషయాలే మా విభాగానికి ఇంగ్లిష్‌లో రెండుసార్లు రాశాను. మొదటిసారి జవాబు రాలేదు. రెండోసారి ‘మీ అభిప్రాయాలను నమోదు చేసుకున్నాం’ అని ఒక్క వాక్యం వచ్చింది. ఎక్కడ నమోదు చేశారో, చేసి ఏం చేశారో ఇప్పటికీ తెలియదు. అందుకే మూడోసారి నా భాషలో, అందరూ చదివేలా రాస్తున్నాను. ఈ చదువులో చేరాలని ఆశపడుతున్న పిల్లల కంట కూడా పడాలని నా కోరిక.

మీరు నేర్పినదాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక గోడ ముందు నిలబడి, ఇందులో ఏ రాయి మొదట పెట్టింది, ఏది తర్వాత అతికించింది అని ఆలోచించడం మీ దగ్గరే నేర్చుకున్నాను. నా బాధల్లా ఒకటే. ఇది కళ్లతో చదవాల్సిన చదువు. ఆ చూడటానికి అయ్యే ఖర్చు, పట్టే కాలం, తెచ్చుకోవాల్సిన అనుమతులు అన్నీ విద్యార్థి నెత్తిన పెట్టారు. పెట్టిన సంగతి చేరేముందు చెప్పడం లేదు.

ముందు నాకు జరిగింది చెప్తాను.

ఎమ్మే రెండో ఏడాది ఒక పాత కట్టడం ద్వారం పైనున్న శిల్పాల వరుస మీద వ్యాసం రాశాను. వెళ్లి చూసే స్తోమత లేదు. లైబ్రరీ పుస్తకంలో ఒక మంచి నలుపు తెలుపు ఫొటో, ఆన్‌లైన్‌లో ఇంకో మూడు దొరికాయి. వాటితోనే 40 పేజీలు నింపాను. వరుసలో ఏడో బొమ్మ తల మిగతావాటి కన్నా కాస్త పెద్దగా ఉంది. దాని మీద పెద్ద వాదన కట్టాను. అది ఆ కట్టడానికి సొమ్మిచ్చిన దాత బొమ్మ అయ్యుంటుందని, అందుకే తల ప్రత్యేకంగా చెక్కారని. మంచి మార్కులు వచ్చాయి.

రెండేళ్ల తర్వాత వేరే పని మీద వెళ్తూ దారిలో అక్కడ దిగాను. సాయంత్రపు ఎండ గోడకు పక్కవాటుగా పడుతోంది. ఏడో బొమ్మ మెడ చుట్టూ వెంట్రుకంత సన్నని గీత. తల రాయి రంగు ఒక్క పిసరు తేడా. మిగతా బొమ్మల మీద ఉలి గాట్లు అడ్డంగా ఉంటే, ఈ తల మీద నిలువుగా ఉన్నాయి. ఎప్పుడో తల విరిగిపోతే ఇంకెవరో కొత్తది చెక్కి అతికించారు. కొలత సరిగా కుదరలేదు, అంతే. దాతా లేడు, ప్రత్యేకతా లేదు. పుస్తకంలోని ఫొటో గోడ మీద నేరుగా ఎదుటినుంచి పడే వెలుతురులో తీసింది కాబట్టి ఆ గీత అందులో పడలేదు. నా 40 పేజీలూ ఆ మెట్ల మీదే పోయాయి. మార్కులు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని వేసిన ఇద్దరూ ఆ కట్టడాన్ని చూడలేదని తర్వాత తెలిసింది.

ఇది నా ఒక్కదాని తెలివితక్కువతనం అనుకుంటే ఈ లేఖ రాసేదాన్ని కాదు. తోటివాళ్లను అడిగితే ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటి తల ఒకటి ఉంది. కాబట్టి అసలు చిక్కులు ఎక్కడెక్కడ ఉన్నాయో వరుసగా రాస్తున్నాను.

1. వెళ్లి చూడటం

బొమ్మను చూపిస్తూ పాఠం చెప్పడం మన సబ్జెక్టుకు పాత అలవాటే. హైన్‌రిష్ వోల్ఫ్లిన్ అనే స్విస్ కళాచరిత్రకారుడు రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన పెట్టి, రెండు బొమ్మలను పోలుస్తూ పాఠం చెప్పేవారు. ఇప్పటికీ తరగతి గదుల్లో నడిచేది దాదాపు అదే పద్ధతి. కొడాక్ కంపెనీ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ 2004లో ఆపేసింది, మన స్లైడ్లన్నీ కంప్యూటర్‌లోకి వచ్చాయి, అంతకు మించి పెద్దగా మారింది లేదు. అరచేతిలో పట్టే చిన్న చిత్రం, తలెత్తి చూడాల్సిన గోపురం తెర మీద ఒకే సైజులో ఉంటాయి. పరీక్షలో స్లైడ్ వేసి పేరు, కాలం, మాధ్యమం, ఉన్న చోటు రాయమంటారు. అవన్నీ రాయగలిగినవాళ్లకు ఆ వస్తువు మోకాలెత్తు ఉంటుందో, తల దాటి ఉంటుందో తెలియకపోవచ్చు.

వెళ్లినవాళ్లకైనా చూడటం సులువు కాదు. ఇటలీలోని పాదువా నగరంలో, ఏడు వందల ఏళ్ల కిందటి చిత్రకారుడు జొత్తో వేసిన గోడ చిత్రాలున్న స్క్రోవెన్యీ చాపెల్‌లోకి పాతిక మంది చొప్పున పంపిస్తారు. లోపల ఉండనిచ్చేది సాధారణంగా 15 నిమిషాలు. మనుషుల ఊపిరి తేమకు గోడలు పాడవుతాయి కాబట్టి ఆ కట్టుబాటు సబబే. ఫ్రాన్స్‌లో ఆదిమానవుల చిత్రాలున్న లాస్కో గుహను 1963లోనే సందర్శకులకు మూసేశారు. 1983 నుంచి జనం చూస్తున్నది దగ్గర్లో కట్టిన నకళ్లను. వీటి మీద నాకు పేచీ లేదు. నేననేది ఏమిటంటే, ఆ పావుగంటలోనే కళ్లు నింపుకోవాలంటే ఒకసారి వెళ్తే సరిపోదు, మూడుసార్లు వెళ్లాలి. మూడుసార్లు వెళ్లగలిగినవాళ్లదే థీసిస్ అవుతుంది.

ఇక చెల్లాచెదురైన కట్టడాల సంగతి. అమరావతి స్తూపం శిల్పాలు కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, కొన్ని ఉన్నచోటే. గ్రీసులోని పాత గుడి పార్థినాన్ శిల్పాలు ప్రధానంగా లండన్, ఏథెన్స్ మధ్య పంచుకుపోయాయి. ఒక్క కట్టడం మీద పనిచేసే విద్యార్థి రెండు మూడు దేశాలు తిరగాలి. కొందరికి అది సెలవుల్లో చేసే ప్రయాణం. ఇంకొందరికి వీసా దగ్గరే ఆగిపోయే ప్రయాణం. మీ ప్రవేశ ప్రకటనల్లో ‘క్షేత్ర పరిశీలన అవసరం’ అని ఒక ముక్క ఉంటుంది. ఎవరి డబ్బుతో అన్నది ఉండదు.

2. గుమ్మం దగ్గరి రహస్యాలు

దరఖాస్తుకు మూడు సిఫార్సు లేఖలు కావాలి, ఇదే సబ్జెక్టులో రాసిన ఒక నమూనా వ్యాసం కావాలి, ఏం పరిశోధిస్తారో చెప్పే ఉద్దేశ పత్రం కావాలి. ఈ సబ్జెక్టు అసలు చెప్పని కాలేజీలో చదివిన అమ్మాయికి, ఈ సబ్జెక్టు ఆచార్యుల దగ్గర్నుంచి మూడు లేఖలు ఎలా వస్తాయి? ఏ గైడ్ దగ్గర పనిచేయాలనుకుంటున్నామో ముందే వాళ్లకు మెయిల్ రాసి కదిలించి ఉంచాలన్నది దరఖాస్తు ఫారంలో ఎక్కడా లేదు. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు చెప్తారు. నాకు చెప్పినవాళ్లు లేక ఒక ఏడాది పోయింది.

వాస్తుశిల్ప చరిత్ర చదవాలనుకునేవాళ్లకు ఇంకో తిరకాసు ఉంది. కొన్నిచోట్ల అది కళాచరిత్ర విభాగంలో ఉంటుంది, కొన్నిచోట్ల ఆర్కిటెక్చర్ స్కూల్లో. మొదటిచోట ఆర్కిటెక్చర్ డిగ్రీవాళ్లను ‘మీకు కళాచరిత్ర పునాది లేదు’ అంటారు. రెండోచోట మాలాంటివాళ్లను ‘మీకు ప్లాన్ చదవడం రాదు’ అంటారు. రెండోదాంట్లో నిజముందని ఒప్పుకోవాలి. నేను సెక్షన్ డ్రాయింగ్‌ను మొదటిసారి చూసినప్పుడు, భవనాన్ని కత్తితో నిలువునా కోసి చూపించిన బొమ్మ అది అని అర్థమవడానికి చాలాసేపు పట్టింది. నేర్పితే ఒక సెమిస్టర్ పని. నేర్పరు, రాదని అంటారు.

3. భాషలు

చాలా విభాగాల్లో పీహెచ్‌డీకి జర్మన్, ఫ్రెంచ్ చదివి అర్థం చేసుకునే పరీక్షలు ఉంటాయి. కారణం లేకపోలేదు. ఈ శాస్త్రం విశ్వవిద్యాలయ పాఠంగా ఎదిగింది ఎక్కువగా జర్మన్ మాట్లాడే చోట్ల. 1933లో నాజీల పాలన రాగానే హాంబుర్గ్‌లోని వార్‌బుర్గ్ అనే కళాచరిత్ర లైబ్రరీ ఓడెక్కి లండన్ చేరింది. ఎర్విన్ పనోఫ్‌స్కీ లాంటి కళాచరిత్ర పండితులు అమెరికా వెళ్లిపోయారు. పుస్తకాలు, పండితులు ఊళ్లు మారారు కానీ వాళ్లు అంతకుముందు రాసిందంతా జర్మన్‌లోనే ఉంది. చదవాలంటే భాష రావాలి, కాదనను.

అయితే లెక్క చూడండి. అజంతా మీద పనిచేసే విద్యార్థికి సంస్కృతం కావాలి, ప్రాకృతం కావాలి, బ్రాహ్మీ లిపి గుర్తుపట్టగలగాలి. దాని మీద జర్మన్, ఫ్రెంచ్. ఇస్లామిక్ కట్టడాల మీద పనిచేసేవాళ్లకు అరబ్బీ, పారశీకం, వాటి మీద మళ్లీ అవే రెండు. ఈ భాషలు నేర్చుకునే కాలం ఫెలోషిప్ గడువులోంచే పోతుంది. వేసవి కోర్సుల ఫీజు విద్యార్థిదే. పైగా మా దగ్గర పుట్టుకతో వచ్చిన భాషకు విలువ లేదు. శాసనాన్ని నిఘంటువు సాయం లేకుండా చదవగలిగే తోటి విద్యార్థి ఒకతన్ని ‘అది మీ మాతృభాషే కదా, అదనపు భాషగా లెక్కకు రాదు’ అన్నారు. రెండేళ్లు కష్టపడి అదే భాష నేర్చుకున్న ఇంకొకరికి మాత్రం లెక్కకు వచ్చింది.

4. పాఠాల జాబితా

ఇది త్వరగా చెప్పి ముందుకెళ్తాను. బ్రిటిష్ రచయిత బానిస్టర్ ఫ్లెచర్ వాస్తుశిల్ప చరిత్ర గ్రంథం 1896లో మొదట అచ్చయింది. 1901 ముద్రణలో భారత, చైనా, జపాన్ కట్టడాలను, ఇస్లామిక్ కట్టడాలను ‘చారిత్రకం కాని శైలులు’ అనే గూటిలో పెట్టారు. అంటే వేల ఏళ్లుగా నిలబడి ఉన్నా వాటికి చరిత్ర లేదన్నమాట! ఇప్పుడెవరూ ఆ మాట అనరు. కానీ ఎన్నో సిలబస్‌లలో పద్నాలుగు వారాల్లో పన్నెండు ఒక ఖండానికే పోతాయి, మిగతా ప్రపంచమంతా రెండు వారాల్లో సర్దుకోవాలి. 1834లో లండన్‌లో అచ్చయిన రామ్ రాజ్ రాసిన హిందూ వాస్తుశిల్ప వ్యాసం సంగతి నాకు పీహెచ్‌డీలో చేరాక గానీ తెలియలేదు. సంస్కృత శిల్పశాస్త్రాలను చదివి, పనిచేసే శిల్పులను అడిగి పదాల అర్థం తేల్చుకుని రాసిన మనిషి ఆయన. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయన బతికి లేరు. పుస్తకంతో పాటు చేతులను కూడా అడగాలని ఆ రోజుల్లోనే తెలిసినవాణ్ని మొదటి ఏడాదిలోనే పరిచయం చేసి ఉంటే బాగుండేది.

5. ఫొటోల అనుమతులు

మ్యూజియం అధికారులకు ఈ భాగం. దయచేసి కాస్త ఓపిగ్గా చదవండి.

ఈ సబ్జెక్టులో బొమ్మ లేకుండా వాదన నిలవదు. అచ్చుకు పంపుతున్న నా అధ్యాయంలో 38 ఫొటోలు ఉన్నాయి. కళాకారులంతా కనీసం మూడు వందల ఏళ్ల కిందటే చనిపోయినవాళ్లు. అయినా ప్రతి ఫొటోకూ ఒక ఫారం. పత్రిక ఎన్ని ప్రతులు వేస్తుంది, బొమ్మ సగం పేజీనా పావు పేజీనా, ఆన్‌లైన్‌లో ఉంటుందా, ఉంటే ఎన్నేళ్లు అని అడుగుతారు. రుసుము పత్రిక కట్టదు, రచయితే కట్టుకోవాలి. ఒక మ్యూజియం నుంచి ఏడు నెలలకు జవాబు వచ్చింది, అదీ వేరే బొమ్మకు. ఇంకో రెండు చోట్ల ఖర్చు భరించలేక బొమ్మ తీసేసి, అందులో ఏముందో మాటల్లో రాశాను. కళాచరిత్ర వ్యాసంలో బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ!

కుదరదని మాత్రం చెప్పకండి. కుదిరిన చోట్లు ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం 2012లోనే పెద్ద ఫొటోలను ఎవరైనా దించుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో 3,75,000కు పైగా ఫొటోలను ఏ షరతూ లేకుండా విడుదల చేసింది. స్మిత్‌సోనియన్ అనే అమెరికా మ్యూజియంల సంస్థ 2020లో 28 లక్షల దాకా ఇచ్చింది. చట్టం కూడా ఇటే నడుస్తోంది. కాపీరైట్ తీరిపోయిన చిత్రాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే ఆ ఫొటోకు కొత్తగా కాపీరైట్ పుట్టదని న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు 1999లోనే బ్రిడ్జ్‌మన్ కేసులో చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2019 నాటి కాపీరైట్ ఆదేశంలో 14వ అధికరణం కూడా దాదాపు ఇదే అంటుంది. ఇవన్నీ ఉన్నా ఇంకా ఫారాలు నింపిస్తూనే ఉన్నారు.

దీనివల్ల జరిగేదేమిటో మీకు తెలుసో లేదో. విద్యార్థులు ఫొటోలు ఉచితంగా దొరికే మ్యూజియంలో ఉన్న వస్తువులనే పరిశోధనకు ఎంచుకుంటున్నారు. రుసుము అడిగే చోట ఉన్న వస్తువుల మీద రాసేవాళ్లు తగ్గిపోతున్నారు. మీ గిడ్డంగుల్లోని బొమ్మలను మీరే జనానికి దూరం చేసుకుంటున్నారు.

6. పొట్ట గడవడం

పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఇచ్చే విభాగాలు కూడా ఎమ్మేకు చాలాచోట్ల ఏమీ ఇవ్వవు. పీహెచ్‌డీ ఫెలోషిప్ చాలాచోట్ల ఐదేళ్లకు ఉంటుంది, థీసిస్ ఐదేళ్లలో పూర్తిచేసినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. మ్యూజియం ఉద్యోగానికి అనుభవం కావాలి, అనుభవానికి ఇంటర్న్‌షిప్ కావాలి, ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు. ఇంటర్న్‌లకు జీతం ఇవ్వాలని అమెరికాలోని ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘమే 2019లో తీర్మానం చేసింది. అంటే తప్పు జరుగుతోందని లోపలివాళ్లకూ తెలుసు. ఆరు నెలలు జీతం లేకుండా బతకగలిగినవాళ్లే రేపు ఏ వస్తువు ప్రదర్శనలో పెట్టాలో, దాని కింద ఏం రాయాలో తేలుస్తారు.

7. ఇందులో మామూలు జనానికి ఏం పోయింది?

ఇదంతా చదివి ‘డబ్బున్న పిల్లల సరదా చదువు, ఇష్టం ఉన్నవాళ్లు చదువుకుంటారు, లేనివాళ్లు మానుకుంటారు’ అనేవాళ్లు ఉంటారు. మా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లకు రెండు సంగతులు చెప్తాను.

మొదటిది. 2019 ఏప్రిల్ 15న పారిస్ నోట్రడామ్ కెథడ్రల్ కాలిపోయింది. పైకప్పు చాలావరకు పోయింది, శిఖరం కూలింది. అంతకు కొన్నేళ్ల ముందే ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు ఆ కట్టడాన్ని లేజర్‌తో అంగుళం అంగుళం కొలిచి పెట్టారు. వంద కోట్లకు పైగా కొలత బిందువులు. మధ్యయుగాల యూరప్‌లో కట్టిన గోథిక్ కట్టడాలు ఎలా నిలబడ్డాయో తెలుసుకోవాలన్న ఆసక్తితో చేసిన పని అది, మంటల కోసం చేసింది కాదు. ఆయన 2018లోనే చనిపోయారు. మళ్లీ కట్టేటప్పుడు అక్కరకు వచ్చిన ఆధారాల్లో ఆయన కొలతలు కూడా ఉన్నాయి. 2024 డిసెంబరులో తలుపులు తెరిచినప్పుడు లోపలికి నడిచిన జనంలో ఎందరికి ఆయన పేరు తెలుసు?

రెండోది. తమిళనాడులోని శ్రీపురందాన్ గుడి నుంచి దొంగిలించిన చోళుల కాలపు కంచు నటరాజ విగ్రహాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008లో కొన్నది. ఆ విగ్రహం ఆ గుడిదేనని తేల్చడానికి పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్న పాత ఫొటోలు ఆధారమయ్యాయి. 2014లో విగ్రహం తిరిగొచ్చింది. గుడి గుడికీ తిరిగి, మూల మూలకూ వెళ్లి ఓపిగ్గా ఫొటో తీసి, ఎక్కడ తీశామో రాసి పెట్టినవాళ్లు లేకపోతే ఆ ఊరివాళ్లు ‘ఇది మాది’ అని ఏం చూపించి అడిగేవాళ్లు?

ఇవి పేరున్న కట్టడాలు, పేరున్న విగ్రహాలు. పేరు లేనివాటి సంగతి ఇంకా ఘోరం. పాత సున్నపు గోడకు మరమ్మతు పేరుతో సిమెంటు పూస్తారు. సిమెంటు తడిని బయటికి పోనివ్వదు. లోపలి మెత్తటి ఇటుక నాని, ఉప్పు పొంగి, పొరలు పొరలుగా రాలిపోతుంది. కొన్నేళ్లకు ‘గోడ బలహీనంగా ఉంది, కూల్చేయాలి’ అని కాగితం వస్తుంది. ఆ సిమెంటు పూసే రోజున అక్కడ నిలబడి ‘ఆగండి’ అనగలిగే మనిషి ఒక్కరు ఉంటే చాలు. ఆ ఒక్కరు ఈ విభాగాల్లోంచే రావాలి. వాళ్లు పెద్ద యూనివర్సిటీలకు దూరంగా, పాత గోడల పక్కనే పుట్టి పెరిగినవాళ్లయితే ఇంకా మేలు. అలాంటివాళ్లనే మీ గుమ్మం వడకట్టి బయట నిలబెడుతోంది.

మా కోరికలు

‘నిధులు లేవు’ అన్న జవాబు వస్తుందని తెలుసు. అందుకే పెద్దగా ఖర్చు లేనివి ముందు రాస్తున్నాను.

(1) ప్రవేశ ప్రకటనలోనే నిజం రాయండి. ఏ భాషలు కావాలి, ఎన్ని ప్రయాణాలు పడతాయి, అందులో విభాగం ఇచ్చేది ఎంత, గత పదేళ్లలో చేరినవాళ్లలో ఎందరు పూర్తిచేశారు, ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు. ఈ లెక్కలు మీ ఆఫీసు ఫైళ్లలోనే ఉన్నాయి.

(2) గైడ్‌కు ముందే రాయాలన్న నియమం ఉంటే అది ఫారం మీదే అచ్చువేయండి. ఈ సబ్జెక్టు లేని కాలేజీల నుంచి వచ్చేవాళ్లకు వేరే సబ్జెక్టు ఆచార్యుల లేఖలు, చేతి పనివాళ్లతోనో స్థానిక మ్యూజియంతోనో చేసిన పని కూడా చెల్లుతాయని స్పష్టంగా చెప్పండి.

(3) మాతృభాషను భాషగా లెక్కించండి. ఏ భాషలు కావాలో పరిశోధన అంశాన్ని బట్టి తేల్చండి. జర్మన్ నిజంగా అవసరమైనవాళ్లకు జర్మన్ పెట్టండి, ఆ కాలాన్ని ఫెలోషిప్‌కు కలపండి.

(4) ఒక వస్తువు మీదో కట్టడం మీదో ఎమ్మే థీసిస్ రాయించాలంటే, దాన్ని కనీసం ఒకసారి చూసొచ్చే ఖర్చు విభాగం భరించాలి. అది కుదరకపోతే వెళ్లగలిగిన దూరంలో ఉన్న వస్తువునే అంశంగా ఇవ్వండి. చిన్న మ్యూజియంలో ఎవరూ పట్టించుకోని పది రాళ్లు ఉంటే చాలు, వాటి మీద మంచి థీసిస్ వస్తుంది. దూరాన ఉన్న వస్తువుల కోసం, ఒకే వస్తువును పక్క వెలుతురులో వేర్వేరు కోణాల నుంచి తీసిన ఫొటోలను విభాగాలన్నీ కలిసి పోగుచేసి పంచుకోండి. అలాంటి ఫొటో ఒక్కటి ఉన్నా నా ఏడో బొమ్మ మెడ మీది గీత కనిపించేది.

(5) మ్యూజియంలు: కాపీరైట్ తీరిన వస్తువుల ఫొటోలను థీసిస్‌లకు, విద్యా పత్రికలకు రుసుము లేకుండా ఇవ్వండి. అడిగిన 30 రోజుల్లో అవునో కాదో చెప్పండి. కాదంటే కారణం రాయండి.

(6) జీతం లేని ఇంటర్న్‌షిప్‌ను ఉద్యోగ అర్హతగా చూడటం మానండి. చేయించుకున్న పనికి జీతం ఇవ్వండి.

(7) కళాచరిత్ర విద్యార్థులకు ప్లాన్, సెక్షన్ చదవడం, ఆర్కిటెక్చర్ విద్యార్థులకు శిల్పం, చిత్రం చూడటం నేర్పే ఉమ్మడి కోర్సు ఒక సెమిస్టర్ పాటు పెట్టండి. రెండు విభాగాలు ఎక్కువ చోట్ల ఒకే ఆవరణలో ఉంటాయి, దారి దాటితే చాలు.

మొదటి మూడు కోరికలకు వచ్చే ప్రవేశ ప్రకటన లోపు జవాబు అడుగుతున్నాం. మిగతావాటికి ఒక విద్యా సంవత్సరం గడువు. జవాబు ‘నమోదు చేసుకున్నాం’ అని కాకుండా, ఏది చేస్తారు, ఏది చేయరు, ఎందుకు చేయరు అన్న రూపంలో, ఈ లేఖలాగే అందరికీ కనిపించేలా ఇవ్వండి.

నా ఎమ్మే వ్యాసం విషయంలో నా వంతు పని నేను మొదలుపెట్టాను. ఏడో బొమ్మ తల తర్వాత అతికించిందని చెప్తూ, మెడ మీది గీత కనిపించే ఫొటోలు జతచేసి, ఒక సవరణ రాసి లైబ్రరీకి ఇచ్చాను. నా వ్యాసం పక్కనే దాన్ని ఉంచమని అడిగాను. ఆ అర్జీకి కూడా ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని